ఒక్క మెతుకు చాలా?

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఈ సామెతను మనం మనుషుల మీదా, పార్టీల మీదా, పుస్తకాల మీదా కూడా ప్రయోగిస్తుంటాం. మొదటి పది పేజీలు చదివి నవలను పక్కన పడేసేవాడికి ఇదే ఆసరా. కానీ ఈ సామెత ఒక షరతును బయటికి చెప్పదు. నీళ్లు అంతటా మరిగి, వేడి అన్ని మెతుకులకీ సమానంగా అందినప్పుడే ఒక మెతుకు మిగతావాటి తరఫున సాక్ష్యం చెప్పగలదు. అడుగంటిన గిన్నెలో కింది మెతుకు పట్టుకున్నవాడు మాడిపోయిందంటాడు, పైమెతుకు పట్టుకున్నవాడు ఇంకా పలుకుగానే ఉందంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

ఇరవయ్యో శతాబ్దపు భౌతికశాస్త్రంలో సరిగ్గా ఇలాంటి మెతుకు తగాదా రెండుసార్లు వచ్చింది. 1958లో ఇంగ్లండ్‌లో ఒకసారి, 1968లో సోవియట్ యూనియన్‌లో ఇంకోసారి. మొదటిది తలవంపుల్లో ముగిసింది. రెండోది శాస్త్రచరిత్రలో అరుదుగా కనిపించే ఒక పెద్దమనిషి తరహా ఒప్పందంలో ముగిసింది. ఈ రెండు కథలూ ఫ్యూజన్ పరిశోధన చరిత్రలో తెలిసినవే. నాకు ఆసక్తి కలిగించేది వాటి అడుగున ఉన్న ప్రశ్న: కొలిచాను అని ఒకరు చెబితే ఇంకొకరు ఎందుకు నమ్మాలి? నమ్మను అనేవాడికి ఏమన్నా బాధ్యత ఉంటుందా, లేక అనుమానపడటం ఉచితమేనా?

ముందు ఆ గిన్నె సంగతి చూద్దాం. వాయువును బాగా వేడి చేస్తే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోతాయి. అలా విడిపోయిన ఎలక్ట్రాన్లూ అయాన్లూ కలిసి తిరిగే స్థితిని ప్లాస్మా అంటారు. హైడ్రోజన్ జాతి ప్లాస్మాను కోట్ల డిగ్రీలకు తీసుకెళ్లి, కాస్తంతసేపు చెదరకుండా ఉంచగలిగితే, కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుడుతుంది. సూర్యుడిలో జరిగేది అదే. అంత వేడి పదార్థాన్ని ఏ లోహపు పాత్రా పట్టుకోలేదు. గోడ తగిలితే ప్లాస్మా చల్లారిపోతుంది, గోడ పాడవుతుంది. అందుకని అయస్కాంత క్షేత్రాన్నే పాత్రగా వాడదామన్నారు. ప్లాస్మాను బయటినుంచి ఆ క్షేత్రంలోకి పంపించవచ్చు, లేదా క్షేత్రం మధ్యలోనే పలచటి వాయువులోకి విద్యుత్తు పంపి అక్కడే పుట్టించవచ్చు. ఎలా చేసినా తర్వాతి ప్రశ్న ఒకటే: లోపల ఉన్నది ఎంత వేడిగా ఉంది?

థర్మామీటర్ పెట్టి చూడలేం. చిన్న లోహపు తీగను లోపలికి దూర్చి కొలిచే పద్ధతి ఉంది. దాన్ని లాంగ్‌మ్యూర్ ప్రోబ్ అంటారు. ప్లాస్మాకు ఆ పేరు పెట్టిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ పేరే దానికీ వచ్చింది. చల్లటి ప్లాస్మాలకు అది బాగానే పనిచేస్తుంది. వేడి ప్లాస్మాలో దూర్చితే తీగ కాలిపోతుంది, ప్లాస్మా కూడా చెడుతుంది. కాబట్టి దూరంగా నిలబడి, ప్లాస్మా బయటికి పంపే ఆనవాళ్లను బట్టి లెక్క కట్టాలి.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అసలు ఉష్ణోగ్రత అనే మాట ఒక్క కణానికి వర్తించదు. ఒక ఎలక్ట్రాన్ వేగంగా పోతోందని అనొచ్చు గానీ వేడిగా ఉందనకూడదు. లెక్కలేనన్ని కణాలు ఒకదాన్నొకటి ఢీకొని, ఉన్న శక్తిని ఒక పద్ధతిలో పంచుకున్నాక, ఆ పంపకాన్ని ఒకే అంకెతో చెప్పగలిగినప్పుడు దాన్ని ఉష్ణోగ్రత అంటాం. అది గుంపు లక్షణం. కొద్దిమంది విపరీతమైన వేగంతో పరిగెడుతూ, మిగతా అందరూ చతికిలబడి ఉంటే సగటు తీయవచ్చు, కానీ ఆ సగటు ఉష్ణోగ్రత కాదు. రెండు తగాదాలకూ మూలం ఇదే: కొద్దిమంది వేడిని అందరి ఖాతాలో రాశారా?

1958 జనవరి చివర్లో హార్వెల్‌లోని బ్రిటిష్ అణుశక్తి పరిశోధన కేంద్రం ఒక ప్రకటన చేసింది. జీటా అనే వాళ్ల యంత్రంలో డ్యుటీరియం ప్లాస్మా యాభై లక్షల డిగ్రీల దాకా వేడెక్కిందనీ, దాన్నుంచి న్యూట్రాన్లు వస్తున్నాయనీ చెప్పారు. కేంద్రకాలు కలిస్తే న్యూట్రాన్లు రావాలి, వచ్చాయి. ఆ న్యూట్రాన్లు నిజంగా వేడి వల్లే పుట్టాయా అని విలేకరులు అడిగితే, కేంద్రం అధిపతి, నోబెల్ గ్రహీత జాన్ కాక్‌క్రాఫ్ట్ తొంభై శాతం నమ్మకం ఉందన్నారు. మిగిలిన పది శాతం మర్నాటి పత్రికల్లో ఎక్కడా కనపడలేదు. పత్రికలకు కావలసింది సూర్యుడు, అది దొరికింది.

ఆ పది శాతమే నిజమైంది. అదే సంస్థలోని బేసిల్ రోజ్, ఆయన సహచరులూ న్యూట్రాన్ల శక్తిని వేర్వేరు దిక్కుల నుంచి కొలిచారు. నిజమైన వేడి వల్ల పుట్టినవైతే ఏ దిక్కు నుంచి చూసినా శక్తి ఒకేలా ఉండాలి, ఎందుకంటే వేడికి దిక్కు లేదు. కానీ విద్యుత్ ప్రవాహం పోయే వైపు ఒక లెక్క, ఎదురు వైపు ఇంకో లెక్క వచ్చింది. అంటే కొద్దిపాటి కేంద్రకాలను ఆ యంత్రంలోని విద్యుత్ క్షేత్రాలు ఒకే వైపుకు బలంగా నెడుతున్నాయి, అవి మిగతావాటిని గుద్దుకుని న్యూట్రాన్లు పుట్టిస్తున్నాయి. గుంపంతా వేడెక్కలేదు. మే నెలలో హార్వెల్ తన మాటను వెనక్కి తీసుకుంది. ఈ కథలో నాకు నచ్చే సంగతి ఏమిటంటే, తప్పు బయటపెట్టినవాళ్లు ఆ గడప లోపలి వాళ్లే.

నచ్చని సంగతి ఇంకొకటి ఉంది. ఈ హెచ్చరిక వాళ్లకు రెండేళ్ల ముందే అందింది, అదీ అదే ఊళ్లో. 1956 ఏప్రిల్‌లో సోవియట్ అణు కార్యక్రమానికి పెద్దయిన ఇగోర్ కుర్చాతోవ్ హార్వెల్ వచ్చి ఉపన్యసించాడు. తమ ప్రయోగాల్లో 1952లోనే న్యూట్రాన్లు కనిపించాయనీ, మొదట ఉత్సాహం కలిగినా తర్వాత అవి వేడి వల్ల వచ్చినవి కావని తేలిందనీ వివరంగా చెప్పాడు. రహస్యాల కాలంలో అంత విప్పి చెప్పడం అందరినీ ఆశ్చర్యపరిచింది. వినడం, ఆశ్చర్యపోవడం జరిగాయి. కానీ ఇంకొకరి అనుభవం చెవి దాకా వచ్చినంత సులువుగా చేతి దాకా రాదేమో.

పదేళ్ల తర్వాత పాత్రలు తారుమారయ్యాయి. 1968 ఆగస్టులో నోవోసిబిర్స్క్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో లెవ్ ఆర్ట్సిమోవిచ్ మాస్కోలోని టీ-3 యంత్రం ఫలితాలు చదివాడు. టీ-3 ఒక టోకమాక్. అంటే గారె ఆకారపు గది, చుట్టూ అయస్కాంతపు చుట్టలు, లోపల ప్లాస్మా గుండా పోయే విద్యుత్ ప్రవాహం. అందులో ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత కోటి డిగ్రీల స్థాయికి చేరిందనీ, ప్లాస్మా ఇతర యంత్రాల్లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువసేపు నిలుస్తోందనీ ఆయన చెప్పాడు. అమెరికాలో ప్రిన్స్‌టన్ వాళ్లు ఏళ్ల తరబడి స్టెలరేటర్ అనే వేరే రకం యంత్రంతో కుస్తీ పడుతున్నారు. వాళ్ల ప్లాస్మా నిలవడం లేదు. మన పిల్లాడికి రాని మార్కులు పక్కింటి పిల్లాడికి వస్తే ముందు పేపర్ దిద్దినవాడి మీదే కదా అనుమానం.

కానీ ఆ అనుమానాన్ని ఒట్టి అసూయగా కొట్టిపారేయడానికి వీల్లేదు. సోవియట్ వాళ్లు ఉష్ణోగ్రతను ఎలా లెక్కకట్టారో చూడండి. ప్లాస్మా తనను పట్టి ఉంచిన అయస్కాంత క్షేత్రాన్ని కొద్దిగా బయటికి నెడుతుంది. గది చుట్టూ చుట్టిన తీగలో ఆ తేడా చిన్న విద్యుత్ సంకేతంగా కనిపిస్తుంది. దాన్నుంచి ప్లాస్మాలో ఉన్న మొత్తం శక్తి తెలుస్తుంది. మైక్రోవేవ్ తరంగాలతో సాంద్రత కొలిస్తే ఎన్ని కణాలున్నాయో తెలుస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒక్కో కణానికి సగటు శక్తి వస్తుంది. భాగహారంలో తప్పు లేదు. అయితే సగటుకు పంపకం సంగతి తెలియదు. అదుపు తప్పి పరిగెత్తే కొద్దిపాటి ఎలక్ట్రాన్లే ఆ శక్తిలో చాలా భాగం మోస్తూ, మిగతా ప్లాస్మా చల్లగా ఉన్నా సరిగ్గా అదే అంకె వస్తుంది. జీటా పాఠం విన్నవాడెవడైనా ఈ ప్రశ్న అడగాల్సిందే.

ఇక్కడ మన భాషలో ఒక చిత్రం ఉంది. న్యాయశాస్త్రంలో అనుమానం అంటే జ్ఞానానికి దారి. పొగను చూసి నిప్పు ఉందని తేల్చుకోవడం. మన ఇళ్లల్లో అనుమానం అంటే నమ్మకపోవడం. ఒకే మాట తెలుసుకోవడానికీ శంకించడానికీ ఎలా సరిపోయిందో భాషావేత్తలు చెప్పాలి గానీ, టీ-3 దగ్గర మాత్రం రెండు అర్థాలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. ఆర్ట్సిమోవిచ్ చేసింది మొదటి రకం అనుమానం: క్షేత్రం కదిలింది కాబట్టి వేడి ఉంది. ఎదుటివాళ్లది రెండో రకం: అది పొగేనా, మంచు కాదు కదా?

ఇలాంటప్పుడు మామూలుగా ఏం జరుగుతుందో మనకు తెలుసు. "నా మీద నమ్మకం లేదా?" అనే ప్రశ్న వస్తుంది. డాక్టర్ని రెండో అభిప్రాయం గురించి అడిగినా, అప్పిచ్చిన బంధువును కాగితం రాసుకుందామన్నా, సీనియర్ రాసిన కోడ్‌కు టెస్టులేవని అడిగినా ఇదే ప్రశ్న. దాని పని అవతలి ప్రశ్నను ఆపడం. వస్తువు గురించి అడిగినదాన్ని మనిషి గురించి అడిగినట్టుగా మారుస్తుంది. ఒకసారి అలా మారితే ఇక కొలవడానికి ఏమీ మిగలదు, అలగడమో సర్దుకోవడమో మాత్రమే మిగులుతుంది. ఆర్ట్సిమోవిచ్‌కు అలగడానికి కావలసినన్ని కారణాలున్నాయి. కొలిచింది నిపుణులు, యంత్రం వాళ్లది, పైగా శంకించేవాళ్లు ప్రచ్ఛన్నయుద్ధంలో అవతలి పక్షం.

ఆయన బ్రిటన్‌లో కల్హామ్ ప్రయోగశాల డైరెక్టర్ బాస్ పీస్‌ను పిలిచాడు. మీ దగ్గర లేజర్‌తో కొలిచే పద్ధతి ఉంది కదా, తెచ్చి మా యంత్రాన్ని మీరే కొలవండి అన్నది ఆ పిలుపు సారాంశం. ఈ పీస్ ఎవరో కాదు, 1958లో జీటా ఫలితాలు ప్రకటించిన పరిశోధన పత్రం మీద ఆయన పేరూ ఉంది. ప్లాస్మా మనిషిని ఎలా మోసం చేస్తుందో అంతకన్నా బాగా తెలిసినవాళ్లు ఎవరుంటారు? నోవోసిబిర్స్క్ సదస్సు జరిగిన ఆ ఆగస్టు నెలలోనే సోవియట్ ట్యాంకులు చెకోస్లోవేకియాలోకి వెళ్లాయి. అయినా పిలుపు రద్దు కాలేదు, వెళ్లేవాళ్లు మానలేదు. సుమారు ఐదు టన్నుల సామగ్రితో పీకాక్, రాబిన్సన్, ఫారెస్ట్, విల్‌కాక్ మొదలైనవాళ్లు మాస్కోలోని కుర్చాతోవ్ సంస్థకు వెళ్లి, నెలల తరబడి అక్కడే పనిచేశారు.

వాళ్లు తీసుకెళ్లిన పద్ధతి పేరు థామ్సన్ స్కాటరింగ్. కెంపు లేజర్ ఎర్రటి కాంతిని ప్లాస్మాలోకి ఒక్క మెరుపులా పంపుతారు. దారిలో ఉన్న ఎలక్ట్రాన్లు అందులో రవ్వంత కాంతిని పక్కలకు చెదరగొడతాయి. రవ్వంత అంటే ఎంతో చూడండి. టీ-3లో ఉన్న ప్లాస్మా మనం పీల్చే గాలి కన్నా సుమారు పది లక్షల రెట్లు పలచన. ఒక సెంటీమీటరు దారిలో లక్ష కోట్ల ఫోటాన్లు వెళ్తే చెదిరేవి పది పదిహేను. వాటిలోనూ మన పరికరం వైపు వచ్చేవి కొద్ది. మరోవైపు ప్లాస్మా సొంత వెలుతురు ఉండనే ఉంది. జాతరలో తప్పిపోయిన పిల్లాడి గొంతు పట్టుకోవడం లాంటి పని.

అయితే దొరికిన ఆ కొద్ది కాంతిలో కావలసిన కబురు ఉంటుంది. రైలు దగ్గరికొస్తుంటే కూత సన్నగా, పోతుంటే బొంగురుగా వినిపించినట్టు, ఎదురొచ్చే ఎలక్ట్రాన్ నుంచి చెదిరిన కాంతి నీలం వైపు, దూరంగా పోయేదాని నుంచి చెదిరినది ఎరుపు వైపు జరుగుతుంది. కోటి డిగ్రీల దగ్గర ఎలక్ట్రాన్ల వేగం సెకనుకు పది వేల కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి ఈ జరుగుబాటు స్పష్టంగా తెలుస్తుంది. చెదిరిన కాంతిని రంగుల వారీగా విడదీసి, ఏ రంగులో ఎంతుందో గీస్తే ఒక గుట్టలా వస్తుంది. ప్లాస్మాలో చాలా భాగం చల్లగా ఉండి, ఎక్కడో కొన్ని ఎలక్ట్రాన్లు మాత్రమే పరిగెడుతుంటే ఆ గుట్ట ఇరుకుగా ఉంటుంది. అందరూ నిజంగా వేడెక్కి ఉంటే వెడల్పుగా పరుచుకుంటుంది. అంటే ఈ పద్ధతి సగటు చెప్పదు, పంపకం చూపిస్తుంది. ఏ వేగంలో ఎందరున్నారో తల లెక్క తీస్తుంది. అడగాల్సిన ప్రశ్నకు సరిగ్గా అతికిన పరికరం అది.

గుట్ట వెడల్పుగానే వచ్చింది. 1969 నవంబర్ 1న నేచర్ పత్రికలో ఫలితం అచ్చయింది. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత వంద నుంచి వెయ్యి ఎలక్ట్రాన్ వోల్టులు. వెయ్యి అంటే కోటి డిగ్రీల పైమాటే. పోల్చి చూడగలిగిన చోటల్లా పాత పద్ధతుల ఫలితాలతో సరిపోయిందని కూడా రాశారు. రచయితల పేర్లు ఐదు. నాలుగు కల్హామ్ వాళ్లవి, ఐదోది సన్నికోవ్ అనే సోవియట్ శాస్త్రవేత్తది. శంకించినవాడూ శంకకు గురైనవాడూ ఒకే కాగితం మీద సంతకం పెట్టారన్నమాట. ప్రిన్స్‌టన్ వాళ్లు తమ పెద్ద స్టెలరేటర్‌ను విప్పి టోకమాక్‌గా మార్చేశారు. 1970లో అది పనిచేయడం మొదలుపెట్టింది.

ఆర్ట్సిమోవిచ్ మొదటినుంచీ సరిగ్గానే చెప్పాడు కదా, మరి ఈ తతంగం వల్ల కొత్తగా తెలిసిందేమిటి అని అడగొచ్చు. అంకె కొత్తది కాదు, నిజమే. కానీ ఒక విషయం నిజం కావడం వేరు, దాన్ని నమ్మడానికి ఇతరుల దగ్గర కారణం ఉండటం వేరు. 1968లో నోవోసిబిర్స్క్ సభలో కూర్చుని సందేహించినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. వాళ్ల చేతిలో ఉన్న ఆధారాన్ని బట్టి సందేహించడమే సరైన పని. లేజర్‌తో కొలవడమూ ప్రత్యక్షమేమీ కాదు. అదీ కాంతి నుంచి వేగానికీ, వేగం నుంచి వేడికీ సాగే అనుమానమే. అయితే అయస్కాంతపు లెక్క ఎక్కడ దెబ్బతినగలదో లేజర్ లెక్క అక్కడ దెబ్బతినదు. దాని బలహీనతలు వేరే చోట ఉన్నాయి. వేర్వేరు దారుల్లో వచ్చిన ఇద్దరు బాటసారులు ఒకే ఊరి పేరు చెబితే ఆ ఊరు ఉందని నమ్మడానికి కారణం దొరుకుతుంది.

ఇక్కడ తెలుగు పాఠకుడికి ఒక అభ్యంతరం తట్టాలి. నిజం చెప్పినవాళ్లను కూడా పరీక్షకు నిలబెట్టడం గొప్పా? ఆ లెక్కన అగ్నిప్రవేశం కూడా గొప్పేనా? ఈ పోలికను తప్పించుకుంటే ఈ వ్యాసానికి అర్థం లేదు. శంకించేవాడు అడిగాడు కాబట్టి నిరూపించుకోవాలి అనే సూత్రం ఎంత క్రూరంగా మారగలదో మన కథలకు తెలిసినంతగా ఏ సైన్సు పత్రికకూ తెలియదు.

తేడా ఎక్కడుందంటే, పరీక్ష ఖర్చు ఎవరు భరించారన్న దగ్గర. సీత విషయంలో నిప్పులోకి దిగింది శంకకు గురైన మనిషి. శంకించినవాళ్లు ఒడ్డున నిలబడి చూశారు. టీ-3 విషయంలో ఐదు టన్నుల సామాను మోసుకుని, ఇల్లూ వాకిలీ వదిలి, పరాయి దేశంలో తిప్పలు పడింది శంకించిన పక్షం. రెండో తేడా, కొలత ముందే చెప్పబడింది. గుట్ట వెడల్పుగా వస్తే ఒకటి, ఇరుకుగా వస్తే ఇంకొకటి. ఏం జరిగితే నోరు మూసుకుంటామో శంకించినవాళ్లకు ముందే తెలుసు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పరీక్ష నెగ్గాక అనుమానం అక్కడితో ఆగింది. సీత నిప్పులోంచి బయటపడ్డా ఉత్తరకాండలో శంక మళ్లీ లేచింది, మళ్లీ ఆమెనే బలి తీసుకుంది. ఏ ఫలితంతోనూ తృప్తిపడని అనుమానం తెలుసుకోవడానికి పుట్టింది కాదు. అది అధికారం. దానికి ఎంత కొలిచి చూపించినా దండగే, లొంగాల్సిన పనీ లేదు.

ఈ మూడు షరతులూ పెట్టుకుని చూస్తే సందేహించడం అవమానం కాదు, ఒక రకంగా గౌరవం. నీ మాటను నేను ఏడాది కష్టపడి పరిశీలించదగ్గ మాటగా తీసుకున్నాను అని చెప్పడం. అప్పుడు తలుపు తీయడం కూడా లొంగిపోవడం కాదు. తనకు తెలిసిన నిజాన్ని ఇంకొకరు కూడా తమంతట తాము తెలుసుకోగలిగేలా చేయడం. నిజం చెప్పడం కన్నా ఇది ఒక మెట్టు పైనున్న నిజాయితీ అని నాకనిపిస్తుంది. నిజం చెప్పేవాడు నన్ను నమ్ము అంటాడు, తలుపు తీసినవాడు నన్ను నమ్మనవసరం లేదంటాడు.

ఇదంతా అయ్యాక కూడా ఒక విషయం గుచ్చుతూనే ఉంటుంది. జీటా వార్తకు సూర్యుణ్ణి పట్టేశామన్నంత హడావుడి చేయడానికి పత్రికలకు ఒక్క రోజు పట్టింది. టీ-3 ఫలితం నమ్మడానికి ప్రపంచానికి ఏడాది పైన పట్టింది. భౌతికవేత్తల్లో కొందరు జీటానూ మొదటినుంచే శంకించారు, అది వాళ్లకు దక్కాల్సిన మాట. అయినా ఎవరి మాటకు సాక్ష్యం అడుగుతాం, ఎవరి మాటను సూటు చూసి నమ్మేస్తాం అన్న దాంట్లో మనం సమానంగా ఉండం. దీనికి మందు తక్కువ అనుమానం కాదు, అందరికీ ఒకే కొలతతో పంచిన అనుమానం.

ఆ పని ఎలా ఉంటుందో నా వృత్తిలో రోజూ చూస్తుంటాను. సర్వర్ సగటున రెండు వందల మిల్లీసెకన్లలో జవాబిస్తోందని తెర మీద పచ్చటి గీత కనిపిస్తుంది. నూటికి ఒకరు మాత్రం పది సెకన్లు గిరగిర తిరిగే చక్రాన్ని చూస్తూ కూర్చుంటారు. సగటులో వాళ్ల పాలు కలిసిపోయి కనపడకుండా పోతుంది. అందుకే అనుభవమున్న ఇంజనీర్లు సగటు అడగరు, పంపకం అడుగుతారు. తలసరి ఆదాయం, సగటు జీతం, కాలేజీ ప్లేస్‌మెంట్ ప్రకటనలు, అన్నిటికీ ఇదే ప్రశ్న సరిపోతుంది. ఈ వేడి అందరిదా, నలుగురిదా?

1955లో జెనీవాలో అణుశక్తి శాంతియుత ప్రయోజనాల సదస్సుకు అధ్యక్షత వహించిన హోమీ భాభా, మరో రెండు దశాబ్దాల్లో ఫ్యూజన్ శక్తిని అదుపులోకి తెస్తారని జోస్యం చెప్పాడు. అది జరగలేదు. కానీ కల్హామ్ వాళ్లు ఆ కొలత కొలిచాక ప్రపంచమంతా టోకమాక్‌ల బాట పట్టింది. 1989లో గాంధీనగర్ దగ్గర పని మొదలుపెట్టిన మన ఆదిత్య కూడా టోకమాకే. దక్షిణ ఫ్రాన్స్‌లో కడుతున్న ఐటర్ కూడా టోకమాకే, అందులో మన దేశమూ భాగస్వామి. ఇంత దూరం వచ్చినా ఇల్లు వెలిగించే కరెంటు ఇంకా రాలేదు. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి, కోట్ల డిగ్రీల ప్రకటనలు మళ్లీ వస్తున్నాయి. వాటిలో నిజమైనవీ ఉంటాయి. ప్రకటన చదివినప్పుడు అంకె ఎంత పెద్దదో చూసి ఊరుకోకుండా, దాన్ని కొలిచిందెవరు, బయటివాళ్లు పరికరం తెచ్చుకుంటామంటే రానిస్తారా అని అడగడం మన వంతు. రానిస్తే, సామాను సర్దుకుని వెళ్లడానికి ఒకరు సిద్ధంగా ఉండాలి. తిరిగొచ్చి, వాళ్లు చెప్పింది నిజమేనండీ అని ఒప్పుకోవడానికి కూడా.